గాలి తెలిశాకే తుపాకీ పట్టుకో తమ్ముడూ

"అన్నా నమస్తే. నేను కాన్సస్ రాష్ట్రం విచిటాలో జాబ్ చేస్తున్నాను, హెచ్1బీ మీద వచ్చి నాలుగేళ్ళయింది. మాది గుంటూరు జిల్లా, ఇంట్లో వ్యవసాయమే. మా ఆఫీసులో ఒకాయనకి ప్రాట్ వైపు పొలం, ఆవులు ఉన్నాయి. కయోటీలు (నక్కలాంటి జంతువులు) ఎక్కువైపోయాయి, దూడ ఒకటి పోయింది, ఈ చలికాలం వచ్చి, అరుపులతో వాటిని దగ్గరికి పిలిచి కొట్టుకో అన్నాడు. వెళ్ళి చూశాను, అంతా చదును, దాక్కోడానికి ఒక చెట్టు కూడా లేదు. ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి, ఏ గన్ కొనాలి, అసలు వీసా మీద ఉండి గన్ పట్టుకోవచ్చా? కొంచెం వివరంగా చెప్పండి అన్నా."

తమ్ముడూ, నీ లెటర్ చదివి సంతోషం వేసింది, ఎందుకంటే చాలామంది ఏ గన్ కొనాలి అని ఒక్క ముక్క అడిగి ఊరుకుంటారు, నువ్వు పొలం ఎలా ఉందో కూడా చూసొచ్చి రాశావు. చదును, చెట్టు లేదు అన్నావు చూడు, అసలు సంగతంతా అక్కడే ఉంది, దానికి వస్తా. ముందు వీసా మాట తేల్చుకుందాం, అది తేలకపోతే మిగతావన్నీ చెప్పీ లాభం లేదు.

ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. హెచ్1బీ, ఎఫ్1, హెచ్4 అన్నీ ఇందులోకే వస్తాయి. దీనికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, వాటిలో మనకి పనికొచ్చేది, ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండటం. దాని గడువు తీరకుండా ఉండాలి. దగ్గర పెట్టుకోవడం అంటే కొనడం ఒక్కటే అనుకోకు, మీ ఆఫీసు ఆయన తన రైఫిల్ నీ చేతికిచ్చి ఓసారి కాల్చు అన్నా అది నీ చేతిలో ఉన్నట్టే లెక్క. లైసెన్స్ గడువు అయిపోయిన మర్నాడు గన్ నీ బీరువాలోనే ఉంటే అప్పుడూ తప్పే. మీ ఆవిడ హెచ్4 అయితే నీ లైసెన్స్ ఆవిడకి పనిచెయ్యదు. గన్ కేసు అంటే ఫైన్ కట్టి బయటపడే వ్యవహారం కాదు తమ్ముడూ, దేశం నుంచి పంపించేసే కారణాల్లో అదీ ఒకటి, గ్రీన్ కార్డు వాళ్ళకి కూడా. అందుకని రైఫిల్‌కి డబ్బు పెట్టేముందు ఒక గంట ఇమిగ్రేషన్ లాయర్‌కి పెట్టు, నీ కాగితాలన్నీ చూపించి, గన్ కొనేటప్పుడు నింపే ఫారంలో ఏం రాయాలో కూడా అడుగు. దయచేసి ఇదొక్కటి వాయిదా వెయ్యొద్దు.

కాన్సస్‌లో 1957 జూలై 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేటకి వెళ్ళాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి. తప్పదు కదా అని చెయ్యకు, ఇష్టంగా చెయ్యి. మనం ఊళ్ళో తుపాకీ పట్టుకుని పెరిగినవాళ్ళం కాదు, ఇక్కడి పిల్లలకి పదేళ్ళకే వాళ్ళ నాన్న నేర్పే జాగ్రత్తలు మనకి ఆ కోర్సులోనే దొరుకుతాయి.

ఇంకో మాట, మనదేశంలో 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక నక్కని కొట్టడం నేరం, అది మన మనసులో ఉండిపోయింది, మంచిదే. కయోటీ అంటే మన గుంటనక్కకీ తోడేలుకీ మధ్యన ఉండే జంతువు, ఈ మైదానాల్లో పన్నెండు, పదిహేను కిలోలు ఉంటుంది. కాన్సస్‌లో దీనికి సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న లెక్క లేదు, ఏడాది పొడుగునా కొట్టొచ్చు. చట్టం అలా ఉన్నా నా మాట వేరు. ఏప్రిల్, మే నెలల్లో ఇవి ఈనతాయి, అప్పుడు తల్లిని కొడితే బొరియలో అయిదారు పిల్లలు ఆకలితో చస్తాయి. దూడల్ని పట్టే కయోటీని ఆపాల్సిన అవసరం రైతుకి నిజంగా ఉంటే తప్ప ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా నేను వెళ్ళను, నువ్వూ వెళ్ళొద్దు అని అడుగుతున్నా.

దూడ మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తా. దూడ చచ్చి పడుంది, చుట్టూ కయోటీ అడుగులున్నాయి అంటే అదే చంపిందని కాదు. ఈతలోనే చచ్చిన దూడనీ, చలికి పోయిన దూడనీ తర్వాత వచ్చి తింటాయి. ఈసారి ఆయన పిలిస్తే గొంతు దగ్గర చర్మం కోసి వెనక్కి తీసి చూడండి. చర్మం కింద రక్తం గడ్డకట్టి కమిలినట్టుంటే బతికుండగా పట్టిందని అర్థం. పళ్ళ గాట్లు ఉండి కింద మాంసం మామూలుగా ఉంటే చచ్చాకే కొరికింది. రైతుకి ఈ తేడా తెలిస్తే ఏం చెయ్యాలో ఆయనే తేల్చుకుంటాడు. నువ్వు నాలుగు కయోటీల్ని కొట్టినంత మాత్రాన ఆ చుట్టుపక్కల సంఖ్య తగ్గిపోదు కూడా, ఖాళీ అయిన చోటికి పక్కవి వచ్చేస్తాయి. ఆవులు ఈనే కాలంలో వాటి చుట్టూ తిరిగే ఒకటి రెండు కయోటీల్ని తీసేస్తే మాత్రం ఆ నెలకి నిజంగా ఉపయోగం ఉంటుంది. ఆ మేరకే ఆయనకి మాటివ్వు.

ఇప్పుడు పొలం. ఇక్కడ నేలంతా మైలుకో రోడ్డుతో గళ్ళు గీసినట్టు ఉంటుంది కదా, ఒక గడి 640 ఎకరాలు, అందులో నాలుగో వంతు 160. ప్రాట్ వైపు చాలా పొలాలకి పివట్ నీళ్ళు, అంటే పైపు ఒక కొస పొలం మధ్యలో పాతి ఉంటుంది, మిగతాది చక్రాల మీద గుండ్రంగా తిరుగుతుంది, చతురస్రం పొలంలో గుండ్రంగా నీళ్ళు పడితే నాలుగు మూలలూ ఎండిపోయి గడ్డి మొలుస్తుంది. ఆ మూలల్లోనే ఎలకలు, కుందేళ్ళు. మొదట అక్కడ వెతుకు. తర్వాత మైలో కోసిన చేలు, మైలో అంటే మన జొన్నే, మోళ్ళ మధ్య రాలిన గింజలకి ఎలకలు చేరతాయి. పాత కంచె చెట్ల వరసలు, 1930ల్లో దుమ్ము తుఫాన్లప్పుడు గాలికి అడ్డంగా ప్రభుత్వం నాటించిన చెట్ల బారులు ఇంకా కొన్ని ఉన్నాయి, వాటి పక్కన జాడలు చూడు. కయోటీ పెంట చూస్తే గుర్తుపడతావు, పురి పెట్టినట్టు ఉండి లోపల వెంట్రుకలు, సన్న ఎముకలు ఉంటాయి, బాట మధ్యలోనే వేస్తుంది. చీకటిపడే వేళ రోడ్డు మీద బండి ఆపి దిగి పది నిమిషాలు ఊరికే నిలబడు, కూతలు ఎటునుంచి వస్తున్నాయో పొలం మ్యాప్ మీద గుర్తు పెట్టుకో. ఇదంతా తుపాకీ లేకుండా చెయ్యాల్సిన పని, నాలుగైదు సాయంత్రాలు పడుతుంది.

హద్దులు మాత్రం మీ ఆఫీసు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని గీయించుకో. పక్క పొలం గుంజలకీ చెట్లకీ ఊదా రంగు పెయింట్ కనిపిస్తే రాతపూర్వకంగా అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదని అర్థం, పెయింట్ లేకపోయినా అడక్కుండా వెళ్ళకూడదు. కొట్టిన కయోటీ పరిగెత్తి కంచె దాటి పడినా సరే, ఆ రైతుని అడిగాకే వెళ్ళు.

ఇక అసలు విషయం, గాలి.

నేను మొదటి చలికాలం మా పక్క రైతు పొలంలో కూర్చున్నాను. ఎదురుగా చక్కగా కనిపించే చోటు ఎంచుకున్నా గానీ గాలి నా వీపు మీద పడుతోంది. తిండి దొరుకుతుందని కయోటీ వచ్చేలా ఇరవై నిమిషాలు కుందేలు అరుపు వేశాను, ఎదురుగా ఏమీ రాలేదు. ఇక్కడ లేవులే అనుకుని లేచి ముందుకి నడిస్తే, ముందురోజు రాత్రి పడ్డ మంచు మీద తాజా అడుగులు. నా ముందు రెండడుగుల లోతు పల్లం ఉంది, నాకది పల్లంలాగే కనిపించలేదు, కయోటీ అందులోంచి వచ్చింది. ఎనభై అంగల దూరంలో ఆగింది, ముందరి రెండు కాళ్ళూ పక్కపక్కన ఆనించి నిలబడ్డ గుర్తు అంత స్పష్టంగా ఉంది. అక్కణ్ణించి అడుగు వెనక్కి తిరిగి ఒక్కసారిగా అంగకీ అంగకీ మధ్య నా ఎత్తుకి మించిన దూరం. అంటే అక్కడ నా వాసన తగిలింది, అంతే, పోయింది. ఆ నాలుగు అడుగుల ముందు మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూశాను. వేటంటే ఏంటో నాకు అక్కడ అర్థమైంది.

కయోటీ చెవితో వింటుంది, కంటితో వెతుకుతుంది, నమ్మేది మాత్రం ముక్కునే. అరుపు విని వస్తుంది గానీ నేరుగా రాదు, చివర్లో చుట్టు తిరిగి, అరిచినదాని వాసన తనకి తగిలేలా గాలి పోయే వైపుకి వెళ్తుంది. కాబట్టి నువ్వు గాలి అడ్డంగా తగిలేలా కూర్చోవాలి. ఉదాహరణకి గాలి నీ ఎడం చెంప మీద తగులుతూ కుడివైపు పోతోంది అనుకో, అరుపు వినిపించే స్పీకర్‌ని (ఎలక్ట్రానిక్ కాలర్ అంటారు) ఎడంవైపు కొంచెం ముందుకి నలభై యాభై గజాల దూరంలో పెట్టు, అప్పుడు కయోటీ నీ ముందునుంచి తిరిగి కుడివైపుకి వస్తుంది. ఆ కుడివైపంతా బయలుగా ఉండాలి, పల్లం గానీ గడ్డి దుబ్బు గానీ ఉండకూడదు, అది నీ వాసన పోయే దారిలో కాలు పెట్టేలోపే నీకు కనపడాలి. చదును పొలం అని బాధపడ్డావే, ఇక్కడ అదే నీకు కలిసొచ్చేది, అడవిలో అయితే చెట్ల చాటున వాసన చూసి వెళ్ళిపోతుంది, నీకు తెలియను కూడా తెలియదు, ఇక్కడ అది ఎంత తెలివైనదైనా బయటికి రాక తప్పదు.

గాలి ఎటుందో ఫోన్‌లో చూసి నమ్మకు, ఫోన్ చెప్పేది ఊరి గాలి. ఇక్కడ రోడ్డు పక్క గుంటల్లో మిల్క్‌వీడ్ అని మొక్క ఉంటుంది, మన జిల్లేడు చుట్టమే, కాయ పగిలితే అదే పట్టులాంటి దూది. శరదృతువులో రెండు కాయలు కోసి జేబులో వేసుకో. కూర్చున్నాక ఒక్క పోగు తీసి వదులు, అది ఇరవై గజాలు పోయాక ఎటు తిరుగుతుందో చూడు, చిన్నప్పుడు మనం చేలో ఊది ఆడుకున్నదే, ఇప్పుడు దాన్ని శ్రద్ధగా చూడాలి అంతే. గంటకి ఇరవై మైళ్ళు దాటి వీస్తుంటే ఇంట్లో ఉండు, అరుపు దూరం పోదు, కాన్సస్‌లో అలాంటి రోజులు చాలానే ఉంటాయి, ఓపిక పట్టాలి.

దాక్కోవడం గురించి అడిగావు కదా, దేని వెనకా దాక్కోనక్కర్లేదు, దేనికైనా ముందు కూర్చో. గుండ్రటి గడ్డి మోపు, పివట్ చక్రం, పొలం గట్టు, ఏదో ఒకటి వీపు వెనక ఉంటే నీ ఆకారం ఆకాశంలో కనపడదు. గట్టు మీద కాదు, గట్టు వాలులో. సూర్యుడు వీపు వెనక ఉంటే ఇంకా మంచిది, నీ మీద నీడ ఉంటుంది, దాని కళ్ళలో ఎండ పడుతుంది. మొహానికి, చేతులకి గుడ్డ కట్టుకో, తల తిప్పితే మెల్లగా తిప్పు. బండి కనీసం పావు మైలు దూరంలో పల్లంలో ఆపి, డోర్ ఒత్తి మూసి నడిచి వెళ్ళు. డోర్ ధడేలుమన్న శబ్దం అక్కడి ప్రతి కయోటీకీ తెలుసు.

కూర్చున్నాక రెండు మూడు నిమిషాలు ఏమీ వెయ్యకు. తర్వాత చిన్నగా మొదలుపెట్టు, అది వంద గజాల్లోనే పడుకుని ఉంటే పెద్ద శబ్దానికి పారిపోతుంది. కుందేలు అరుపు చాలు మొదటి ఏడాదికి. ఎలక్ట్రానిక్ కాలర్‌లో వందల శబ్దాలు ఉంటాయి, అవన్నీ నొక్కుతూ కూర్చోకు. నేనైతే ముందు నోటితో ఊదే బూర కొనుక్కోమంటాను, లోపల మూసిన రీడ్ (ఊదితే అదిరే సన్న రేకు) ఉండేది, పదిహేను ఇరవై డాలర్లలో వస్తుంది, ఊదితే ఎవరికైనా కుందేలు ఏడ్చినట్టే వస్తుంది. ఒక నిమిషం ఊది, రెండు నిమిషాలు ఆగు, ఆగినప్పుడే ఎక్కువ వస్తాయి. పదిహేను ఇరవై నిమిషాల్లో రాకపోతే లేచి ఒక మైలు అవతలికి వెళ్ళు. అక్టోబరు, నవంబరులో ఆ ఏడు పుట్టినవి విడిపోయి తిరుగుతుంటాయి, తేలిగ్గా నమ్ముతాయి, నీలాంటి కొత్తవాడికి అదే సరైన కాలం. జనవరి చివర, ఫిబ్రవరిలో జత కట్టే రోజులు, అప్పుడు ఒంటరి కూత ఒకటి వేసి ఊరుకుంటే తన జాగాలోకి ఎవరొచ్చారా అని చూడ్డానికి వస్తాయి. ఆ కూతలు నేర్చుకోవడానికి టైం పడుతుంది, తప్పు కూత వేస్తే చిన్నవి హడలిపోతాయి.

నేను నిన్ను గట్టిగా అడిగేది ఏంటంటే, మొదటి అయిదారు సార్లు తుపాకీ లేకుండా వెళ్ళు. లైసెన్స్ జేబులో పెట్టుకో, బైనాక్యులర్స్, బూర, దూది చాలు. మొదటిసారి ఒకటి మోళ్ళ మీంచి నీ వైపు పరిగెత్తుకొస్తుంటే గుండె చెవుల్లో కొట్టుకుంటుంది, చేతులు వణుకుతాయి, ఆ టైంలో చేతిలో రైఫిల్ లేకపోవడమే మంచిది. అది ఎక్కడ ఆగింది, ఎప్పుడు ముక్కు పైకెత్తింది, ఎటు తిరిగింది అని చూడు. అలా అయిదు సార్లు చూసినవాడు గన్‌తో రెండేళ్ళు తిరిగినవాడికంటే ఎక్కువ నేర్చుకుంటాడు.

గన్ గురించి ఇక్కడ ప్రతివాడికీ ఒక మాట ఉంటుంది. 223 రెమింగ్టన్ (తూటా రకం) బోల్ట్ రైఫిల్, అంటే ప్రతి తూటాకీ చేత్తో గడియ లాగేది తీసుకో, దెబ్బ వెనక్కి తన్నదు, తూటాలు ఎక్కడైనా దొరుకుతాయి, రెండు వందల గజాల దాకా హాయిగా పనిచేస్తుంది. గాలి ఎక్కువుండే చోట 22-250, 243 అనే తూటా రకాలు వాడతారు, మొదటి గన్‌గా అవసరం లేదు. కాళ్ళ మధ్య పెట్టుకుని రైఫిల్ ఆనించే షూటింగ్ స్టిక్స్ మాత్రం కొను, కూర్చుని స్టిక్స్ మీంచి వంద గజాల్లో పళ్ళెం అంత గుండ్రం మీద పదికి పది పడేదాకా రేంజిలోనే ఉండు. ఎంత దూరంలో పదికి పది పడతాయో ఆ దూరం దాటి జంతువు మీద కాల్చకు. కాలు విరిగి వెళ్ళిపోయిన కయోటీ ఆ చలిలో ఎన్ని రోజులు బతికుంటుందో ఆలోచించు.

చదును పొలంలో అన్నిటికంటే భయపడాల్సింది తూటా పోయే దారికి. 223 తూటా పైకి పోతే రెండు మైళ్ళ దాకా వెళ్ళగలదు, నీ చుట్టూ మైలుకో రోడ్డు, అక్కడక్కడా ఇళ్ళు, ఆవులు ఉన్నాయి. కయోటీ వెనకాల మట్టి కనపడితేనే కాల్చు, ఆకాశం కనపడితే వేలు తీసెయ్యి. గట్టు వాలులో కొంచెం ఎత్తున కూర్చోమన్నది అందుకే, కిందకి కాలిస్తే తూటా నేలలో దిగుతుంది. ఆ పొలంలో ఇల్లు ఎటుంది, ఆవులు ఎటున్నాయి అని ప్రతిసారీ కూర్చోగానే వేలితో చూపించుకో, నేను ఇప్పటికీ అలా చేస్తాను.

ఒకసారి తెల్లారే ముందు మసక వెలుతురులో బూడిద రంగు జంతువు ఒకటి కంచె పక్కన నా అరుపుకి వచ్చింది. స్కోపులో పెట్టాను, సేఫ్టీ తీశాను. అది తల తిప్పేసరికి మెడలో పట్టీ మెరిసింది. పక్క రైతు కుక్క. ఆ రోజు తూటాలు తీసేసి ఇంటికి వచ్చేశాను, ఆ వారం మళ్ళీ వెళ్ళలేకపోయా. కయోటీ పరిగెత్తేటప్పుడు తోక కిందకి వేలాడేస్తుంది, కుక్క ఎత్తుతుంది, కయోటీ మూతి సన్నం, చెవులు పెద్దవి, ఇవన్నీ నేర్చుకో గానీ అనుమానం ఉంటే కాల్చకు. ముందే చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళ కుక్కల ఫొటోలు అడిగి ఫోన్‌లో పెట్టుకో, ఎవరూ తప్పుగా అనుకోరు, పైగా సంతోషిస్తారు. పడమటి కాన్సస్ వైపు వెళ్తే స్విఫ్ట్ ఫాక్స్ అని చిన్న నక్క ఉంటుంది, పిల్లికంటే కాస్త పెద్దది, దాన్ని కయోటీ పిల్ల అనుకోకు. రాత్రి థర్మల్ స్కోపుతో (ఒంటి వేడిని బట్టి జంతువుని చూపించేది) కొట్టడానికి కాన్సస్‌లో జనవరి 1 నుంచి మార్చి 31 దాకా వేరే పర్మిట్ ఉంది, మొదటి రెండేళ్ళు దాని జోలికి వెళ్ళకు, రాత్రి కుక్కకీ కయోటీకీ తేడా ఇంకా కష్టం.

కొట్టాక చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకోకు, పిడుదులు, గజ్జి, కడుపులో బద్దెపురుగు గుడ్లు, ఇవన్నీ ఉంటాయి. డిసెంబరు, జనవరిలో బొచ్చు ఒత్తుగా ఉంటుంది, చర్మం ఒలవడం తెలిసినవాళ్ళు ఆ చుట్టుపక్కల ఎవరో ఒకరు ఉంటారు, మీ ఆఫీసు ఆయన్నే అడుగు, వాళ్ళకి ఇస్తే వృథా పోదు. కంచె మీద వేలాడదీసే అలవాటు కొందరికి ఉంది, నాకది నచ్చదు, నువ్వు చెయ్యకు.

వెళ్ళే ముందురోజు రాత్రి ఆయనకి మెసేజ్ పెట్టు, ఏ గేటు నుంచి వెళ్తున్నావో, బండి ఎక్కడ పెడతావో. గేటు మూసి ఉంటే మూసి రా, తెరిచి ఉంటే తెరిచే వదిలెయ్యి, ఆవులు ఎటు వెళ్ళాలో ఆయన లెక్క ఆయనకుంటుంది. నేల తడిగా ఉంటే గోధుమ మొలకల మీద బండి ఎక్కించకు. లాయర్ ఏం చెప్పాడో, మొదటి రోజు దూది ఎటు పోయిందో నాకు రాయి తమ్ముడూ, ఎదురు చూస్తుంటా.